క్షితిజ సమాంతరంగా విసిరిన బంతి నేలను తాకే వడి: జవాబు సరిపోయింది, పద్ధతి తప్పా?

నల్లగొండ_తల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ నల్లగొండలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నది. పోయిన వారం కళాశాలలో పెట్టిన చిన్న పరీక్షలో సమతలంలో చలనం పాఠం నుండి నాలుగు మార్కులకు ఒక లెక్క ఇచ్చారు. 19.6 మీటర్ల ఎత్తున్న మేడ పై నుండి ఒక బంతిని సెకనుకు 15 మీటర్ల వడితో క్షితిజ సమాంతరంగా విసిరితే అది ఎంత వడితో నేలను తాకుతుందో కనుక్కోవాలి.

మా అమ్మాయి వి² = యు² + 2జిహెచ్ అని రాసి, యు (తొలి వడి) స్థానంలో 15, జి (గురుత్వ త్వరణం) స్థానంలో 9.8, హెచ్ (ఎత్తు) స్థానంలో 19.6 వేసింది. 225కు 384.16 కలిపితే 609.16 వచ్చింది, దాని వర్గమూలం 24.68. పుస్తకం వెనుక ఉన్న జవాబు కూడా సెకనుకు 24.68 మీటర్లే. అయినా అధ్యాపకులు ఆ లెక్క మొత్తాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన "సూత్రం వర్తించదు" అని రాసి సున్నా వేశారు. తరగతిలో మరొక విద్యార్థి 15కు 19.6 కలిపి 34.6 అని రాస్తే అతనికీ సున్నాయే వచ్చింది. తప్పు జవాబు రాసినవారికీ సరైన జవాబు రాసినవారికీ ఒకే ఫలితం ఏమిటని మా అమ్మాయి రెండు రోజులుగా అన్నం దగ్గర కూడా అదే మాట అడుగుతున్నది.

నేను ఇరవై ఏళ్ళ కిందట బి.ఎస్సీ. చదివాను, ఇప్పుడు చాలా వరకు మరచిపోయాను. మార్కుల కోసం నేను అడగడం లేదు. వర్తించని సూత్రమైతే సరైన జవాబు ఎలా ఇచ్చింది? అది అనుకోకుండా కలిసివచ్చిందా, లేక అందులో ఏదైనా కారణం ఉన్నదా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు_విశ్రాంత_అధ్యాపకుడు

అమ్మా, మీ అమ్మాయి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళకు పైగా మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఈ పాఠం చెప్పాను, ఏటా కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇదే పని చేసేవారు. ముందుగా పుస్తకం కోరే పద్ధతి చెబుతాను, ఆ తరువాత మీ అమ్మాయి రాసిన దాని సంగతి చూద్దాం.

క్షితిజ సమాంతరంగా విసిరిన బంతిలో రెండు చలనాలు ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సాగుతాయి. ముందుకు పోయే చలనంలో బంతిని తోసేది గానీ ఆపేది గానీ ఏదీ లేదు కనుక, గాలిని లెక్కలోకి తీసుకోనంత వరకు, ఆ 15 చివరి దాకా 15గానే ఉంటుంది. కిందికి పడే చలనం సున్నాతో మొదలవుతుంది, ఎందుకంటే విసిరిన క్షణంలో బంతికి కిందివైపు వేగం ఏమీ లేదు. కనుక పడడానికి పట్టే కాలాన్ని హెచ్ = ½జిటి² నుండి తీసుకోవాలి. 19.6 = 4.9 × టి² కాబట్టి టి సరిగ్గా 2 సెకన్లు. ఆ రెండు సెకన్లలో కిందివైపు పెరిగిన వేగం 9.8 × 2 = 19.6. ఎత్తు 19.6 మీటర్లు, వేగం సెకనుకు 19.6 మీటర్లు అని ఒకే అంకె రావడం ఈ లెక్కలో కాలం 2 సెకన్లు కావడం వల్ల జరిగిందే తప్ప దానికి వేరే అర్థం లేదు. పిల్లలు ఇక్కడ కూడా తికమక పడతారు కనుక చెబుతున్నాను.

ఇప్పుడు బంతి నేలను తాకే క్షణంలో దానికి ముందుకు 15, కిందికి 19.6 ఉన్నాయి. వీటిని 34.6గా కలపడం ఎందుకు కుదరదో పొలం చూసినవారికి వెంటనే తెలుస్తుంది. చదరంగా ఉన్న మడి ఒక మూల నుండి ఎదుటి మూలకు ఒడ్డు వెంట పోతే రెండు భుజాలూ నడవాలి, మధ్య నుండి ఏటవాలుగా పోతే అంతకంటె తక్కువే నడుస్తాం. ఒకదానికొకటి లంబంగా ఉన్న వేగాలు కూడా అట్లాగే కలుస్తాయి. 15 వర్గం 225, 19.6 వర్గం 384.16, మొత్తం 609.16, వర్గమూలం 24.68. ఇది ఫలిత వేగం పరిమాణం, అంటే వడి. మన పుస్తకాలలో దిశ లేనిదాన్ని వడి అనీ, దిశ ఉన్నదాన్ని వేగం అనీ వేరుగా రాస్తారు. ఈ చర్చలో ఆ తేడా చాలా ముఖ్యం, దయచేసి గుర్తుంచుకోండి. దిశ కూడా అడిగితే, 19.6ను 15తో భాగించగా వచ్చే 1.307 టాంజెంటుగా గల కోణం సుమారు 52.6 డిగ్రీలు, అది నేలతో చేసే కోణం.

ఇక మీ అమ్మాయి సూత్రం. పైన వచ్చిన 384.16ను (జిటి)² అని రాశాం. టి² = 2హెచ్/జి అని తెలుసు కనుక (జిటి)² = జి² × 2హెచ్/జి = 2జిహెచ్. కనుక వి² = యు² + (జిటి)² అన్నా, వి² = యు² + 2జిహెచ్ అన్నా ఒకటే. చూడడానికి అది సరళరేఖా చలన సమీకరణం లాగా ఉన్నది గానీ, ఇక్కడ అది పైథాగరస్ సిద్ధాంతం నుండి వచ్చింది. జవాబు అనుకోకుండా కలిసిరాలేదు.

దేవరకొండ_భౌతికం

పెద్దలు చెప్పిన బీజగణితం సరైనదే, అందులో సందేహం లేదు. అయితే నేను కూడా ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నాను కనుక, ఆ అధ్యాపకుల వైపు నుండి ఒక మాట చెప్పాలి. ఆ విద్యార్థిని పత్రంలో పైథాగరస్ లేదు, శక్తి లేదు, సూత్రం మాత్రమే ఉన్నది. ఆ సూత్రాన్ని మేం తరగతిలో నేర్పేది ఒకే రేఖ మీద జరిగే చలనానికి. ముందుకు పోయే యును తీసుకుపోయి కిందికి పడే సమీకరణంలో వేయడం పెద్ద తప్పు. ఈ ఒక్క లెక్కలో అది బయటపడలేదు గానీ మరొక లెక్కలో పడుతుంది.

అమ్మా, మీరు ఒక చిన్న పని చేయండి. మీ అమ్మాయిని అదే లెక్కలో బంతి నేలను చేరడానికి ఎంత కాలం పడుతుందో కనుక్కోమని అడగండి, సూత్రం ఏదీ గుర్తుచేయకండి. తను వి = యు + జిటి అని రాసి, 24.68 నుండి 15 తీసివేసి, 9.8తో భాగిస్తే 0.99 సెకను వస్తుంది. అసలు కాలం 2 సెకన్లు. ఆ పని చేసినట్లయితే, తను మొదటి లెక్కలో కూడా కారణం తెలిసి రాయలేదని అర్థం.

సున్నా వేయడం నాకూ న్యాయంగా తోచలేదు, కనీసం రెండు మార్కులు ఇవ్వవలసింది. కాని కారణం రాయని సరైన జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వడానికి నేను కూడా వెనుకాడతాను.

నల్లగొండ_తల్లి

దేవరకొండ సార్, మీరు చెప్పినట్లే అడిగాను. వంటింట్లో గోడకు ఆనించిన పలక మీద సుద్దతో లెక్క వేసింది. మీరు రాసిన 0.99 అక్షరాలా వచ్చింది. ఒక నిమిషం దాని వైపు చూసి, "ఊరికే వదిలేసిన బంతికే రెండు సెకన్లు పడుతుంది కదమ్మా, పక్కకు విసిరినది ముందే ఎట్లా పడుతుంది?" అని తనే అన్నది. ఆ తరువాత చెరిపేసి రెండు చలనాలనూ విడదీసి మళ్ళీ చేసింది. ఎర్ర సిరా మీద తనకున్న కోపం కూడా కొంత తగ్గింది.

కాని నాకు ఇప్పుడు కొత్త సందేహం వచ్చింది. కాలానికి తప్పు చెప్పిన పద్ధతి వడికి మాత్రం సరైన జవాబు ఎందుకు ఇవ్వాలి? ఆ 0.99 సెకను దేనికి సంబంధించినది?

పాలమూరు_విశ్రాంత_అధ్యాపకుడు

దేవరకొండ తమ్ముడు వేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది, నా ఉద్యోగ కాలంలో నాకు తోచి ఉంటే బాగుండేదనిపించింది. ఆ 0.99 సెకను అర్థం లేని అంకె కాదమ్మా. అదే మేడ మీద నుండి అదే బంతిని సెకనుకు 15 మీటర్ల వడితో నిలువుగా కిందికి విసిరితే నేలను చేరే కాలం అది. మీ అమ్మాయి తెలియకుండా వేరే బంతి లెక్క చేసింది. అయితే ఆ బంతి కూడా నేలను 24.68తోనే తాకుతుంది. మిగిలిన వివరం సాగర్ వైపు మిత్రులెవరైనా చెబితే బాగుంటుంది, శక్తి సంగతి వారికి చేతిలో పని.

సాగర్_కాలువ_ఇంజినీరు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ పరిధిలో చాలా కాలం పని చేశాను. పెద్దలు పిలిచారు కనుక నాకు తెలిసింది రాస్తాను.

నీళ్ళతో పని చేసేవాళ్ళం వడి లెక్కను శక్తి నుండే మొదలుపెడతాం. మేడ మీద ఉన్న బంతికి, అది కదులుతున్నందువల్ల ½ఎమ్‌యు² గతిశక్తి ఉన్నది, ఎత్తులో ఉన్నందువల్ల ఎమ్‌జిహెచ్ స్థితిశక్తి ఉన్నది. నేలను తాకే క్షణానికి స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారుతుంది. ½ఎమ్‌వి² = ½ఎమ్‌యు² + ఎమ్‌జిహెచ్ అని రాసి ద్రవ్యరాశిని తీసివేసి రెండుతో గుణిస్తే మీ అమ్మాయి రాసిన వి² = యు² + 2జిహెచ్ వస్తుంది. శక్తికి దిశ లేదు. బంతిని ముందుకు విసిరారా, పైకి విసిరారా, కిందికి విసిరారా అని అది అడగదు, ఎంత వడితో విసిరారు, ఎంత ఎత్తు దిగింది అనేవి మాత్రమే అడుగుతుంది. కాలానికి అట్లా కాదు, దానికి దిశ కావాలి. అందుకే ఒకే పద్ధతి వడి దగ్గర నిలబడి కాలం దగ్గర కూలిపోయింది.

నమ్మకం కుదరడానికి మీ లెక్కనే నాలుగు రకాలుగా చేసి చూడండి. 15 వడితో నిలువుగా పైకి విసిరితే బంతి పైకి పోయి, తిరిగి వచ్చి, 4.05 సెకన్లకు నేలను తాకుతుంది. నేలకు సమాంతరంగా విసిరితే 2 సెకన్లు, నిలువుగా కిందికి విసిరితే 0.99 సెకను. 30 డిగ్రీల కోణంలో పైకి విసిరితే పైకి ఉన్న అంశం (ఆ దిశలోని వేగ భాగం) 7.5, ముందుకు ఉన్న అంశం 12.99, పట్టే కాలం 2.91 సెకన్లు. తాకే ముందు కిందివైపు వేగం 20.99. 12.99 వర్గం 168.75కు 20.99 వర్గం 440.41 కలిపితే మళ్ళీ అదే 609.16 వస్తుంది. కాలాలు నాలుగు రకాలు, తాకే కోణాలు వేరు వేరు, వడి ఒక్కటే.

సాగర్ కట్ట దగ్గర దీన్ని కంటితో చూడవచ్చు. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు, 26 క్రెస్ట్ గేట్ల కింద ఉన్న స్పిల్‌వే (మిగులు నీళ్ళు పొర్లిపోయే కట్ట భాగం) అంచు 546 అడుగుల మట్టంలో ఉన్నది. గేటు దాటిన నీళ్ళు కాంక్రీటు వీపు మీదుగా జారతాయి. ఆ వీపును ఇష్టం వచ్చినట్లు వంచలేదు. పదునైన అంచు మీదుగా ఏ ఆధారమూ లేకుండా దూకే నీటి ధార అడుగు భాగం గాలిలో ఏ వంపు తీసుకుంటుందో, అటువంటి స్పిల్‌వేలకు దాదాపు ఆ వంపునే ఇస్తారు. మీ అమ్మాయి బంతి గీసిన పరావలయానికి అది దగ్గరి చుట్టం. పూర్తి మట్టం నుండి 100 అడుగులు, అంటే 30.48 మీటర్లు దిగేసరికి, రాపిడి లేదనుకుంటే, నీటి వడి రెండింతల జిహెచ్ వర్గమూలం, సెకనుకు 24.4 మీటర్లు, గంటకు 88 కిలోమీటర్లకు దగ్గర. నీళ్ళు నిలువుగా పడలేదు, వంపు వెంట జారాయి, అయినా లెక్కకు దిగిన ఎత్తు చాలు. నిజంగా కాంక్రీటు రాపిడి వల్ల ఇది కొంత తగ్గుతుంది.

కనుక మీ అమ్మాయి పరీక్షలో "యాంత్రిక శక్తి నిత్యత్వ నియమం ప్రకారం" అని ఒక్క వాక్యం రాసి ఆ సూత్రాన్ని కింద వేసి ఉంటే, ఏ అధ్యాపకుడూ కొట్టివేయలేడు.

దేవరకొండ_భౌతికం

ఒప్పుకుంటున్నాను సార్. ఆ ఒక్క వాక్యం ఉంటే నేను కూడా నాలుగు మార్కులూ వేస్తాను. అయితే చివరలో కోణం అడిగితే శక్తి పద్ధతి చేతులెత్తేస్తుంది, అప్పుడు అంశాల దగ్గరికే రావాలి. అందుకే పిల్లలకు రెండూ రావాలని పట్టుబడతాను.

గాలి సంగతి కూడా ఒకసారి ప్రస్తావిస్తే మంచిది. బంతి అన్నారు కనుక క్రికెట్ బంతి అనుకుందాం. దాని ద్రవ్యరాశి సుమారు 160 గ్రాములు, వ్యాసం సుమారు 7.2 సెంటీమీటర్లు. సెకనుకు 24.68 మీటర్ల వడి దగ్గర గాలి దాన్ని అడ్డుకునే బలం, నిరోధ గుణకం సగం అనుకుంటే, బంతి బరువులో దాదాపు సగం వస్తుంది. కనుక నిజమైన మేడ మీద నుండి విసిరిన నిజమైన బంతి 24.68 కంటె తక్కువతోనే నేలను తాకుతుంది. పుస్తకాలలో తరచుగా కనిపించే మరొక లెక్క ఉన్నది, 490 మీటర్ల ఎత్తులో సెకనుకు 50 మీటర్లతో పోయే విమానం నుండి ఆహార పొట్లం జారవిడవడం. దానికి జవాబు సెకనుకు 110 మీటర్లు, అంటే గంటకు 396 కిలోమీటర్లు. ఏ బియ్యం మూటా గాలిలో ఆ వడిని అందుకోలేదు. "గాలి నిరోధాన్ని ఉపేక్షించండి" అనే మాట లెక్కలో ఎంత పెద్ద పని చేస్తున్నదో పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం.

చండూరు_రైతు

నేను డిగ్రీ మధ్యలో ఆపి వ్యవసాయంలోకి వచ్చిన వాడిని. ఈ చర్చ చదివి నిన్న పొద్దున మా బోరు దగ్గర ఒక ప్రయత్నం చేశాను, తప్పులుంటే పెద్దలు సరిదిద్దాలి.

మా బోరు పైపు మూతి సిమెంటు హౌజు మీదికి అడ్డంగా ఉంటుంది, నీళ్ళు మూతి నిండా వస్తాయి. మూతి మధ్య నుండి హౌజులోని నీటి మట్టం దాకా టేపుతో కొలిస్తే 80 సెంటీమీటర్లు వచ్చింది. మూతికి సూటిగా కింద నుండి ధార మధ్య భాగం నీళ్ళలో పడే చోటు దాకా 90 సెంటీమీటర్లు. ధార పడే చోట నురగ లేచి అంచు సరిగ్గా కనబడలేదు కనుక, ఒక జొన్న దంటును నిలువుగా పట్టి, ధార దానికి తగిలే చోటును గుర్తు పెట్టుకుని కొలిచాను.

80 సెంటీమీటర్లు పడడానికి పట్టే కాలం 0.404 సెకను. ఆ కాలంలో 90 సెంటీమీటర్లు ముందుకు పోయింది కనుక పైపు నుండి బయటికి వచ్చే వడి సెకనుకు 2.23 మీటర్లు. కిందికి పెరిగిన వేగం 3.96. రెండింటి వర్గాలూ కలిపితే 20.64, హౌజును తాకే వడి సెకనుకు 4.54 మీటర్లు.

అక్కడితో ఆగకుండా నీళ్ళు ఎన్ని వస్తున్నాయో కూడా చూశాను. పైపు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 19.63 చదరపు సెంటీమీటర్లు, 2.23తో గుణిస్తే సెకనుకు 4.37 లీటర్లు. నిజం తేల్చుకోవడానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మా తమ్ముడిని ఫోను గడియారం పట్టుకోమన్నాను. లెక్క ప్రకారం 46 సెకన్లకు నిండాలి, 48 సెకన్లకు నిండింది. రెండుసార్లు చేసినా 48. అంటే సెకనుకు 4.17 లీటర్లే. ఈ తేడా గాలి వల్ల వచ్చిందా?

పాలమూరు_విశ్రాంత_అధ్యాపకుడు

నాయనా, నీవు చేసిన పని చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆ జొన్న దంటు ఉపాయం మా ప్రయోగశాలలో కూడా ఎవరికీ తోచలేదు. 1608 ప్రాంతంలో గెలీలియో కూడా బల్ల అంచు నుండి గోళాలను నేల మీదికి వదిలి, అవి ఎంత దూరం పోయి పడుతున్నాయో కొలిచాడు.

తేడాకు కారణం గాలి కాదు, అంత తక్కువ వడితో అంత తక్కువ దూరం పోయే నిండు ధారకు గాలి లెక్కలోకి రాదు. నాకు రెండు అనుమానాలు ఉన్నాయి. మొదటిది, పైపు మూతి కొంచెం పైకి ఎత్తి ఉండవచ్చు. అప్పుడు నీళ్ళు గాలిలో ఎక్కువ సేపు ఉండి ఎక్కువ దూరం పడతాయి, మనం వడి ఎక్కువ ఉన్నదని పొరబడతాం. 2.12 వడితో వచ్చే నీళ్ళు 90 సెంటీమీటర్ల దూరం పడాలంటే మూతి దాదాపు 6 డిగ్రీలు పైకి ఉండాలి, ఆ మాత్రం వంపు రసమట్టం పెడితే తెలిసిపోతుంది. రెండవది, పైపు లోపలి వ్యాసం. అది 5 కాకుండా 4.88 అయినా నీ తేడా అంతా పోతుంది, అంటే మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. వ్యాసం వర్గంలో ఉంటుంది కనుక చిన్న పొరపాటు పెద్దదవుతుంది.

ఒక విషయం గమనించు. బయటికి వచ్చే వడి 2.23 కాకుండా 2.12 అయినా, అంటే నూటికి ఐదు తేడా వచ్చినా, హౌజును తాకే వడి 4.54 నుండి 4.49కి మాత్రమే తగ్గుతుంది, అది నూటికి ఒకటి. 20.64లో 15.68 ఎత్తు ఇచ్చిందే కనుక, తొలి వడిలోని తప్పు అక్కడ మరుగున పడిపోతుంది.

నల్లగొండ_తల్లి

చండూరు తమ్ముడూ, మా అమ్మ వాళ్ళ ఊళ్ళో కూడా బోరు ఉన్నది. వచ్చే ఆదివారం అమ్మాయిని తీసుకుపోతున్నాను. టేపు, డ్రమ్ము సిద్ధం చేసుకున్నాం, రసమట్టం కోసం పక్కింటి మేస్త్రీ గారిని అడిగాను. మీ పైపు సంగతి ఏమి తేలిందో తప్పక రాయండి, తను అడుగుతున్నది.

చండూరు_రైతు

ఈ రోజు మోటరు ఆపి చూశాను అక్కా. రసమట్టంలో బుడగ మధ్యలోనే నిలిచింది, మూతి సమంగానే ఉన్నది. లోపలి వ్యాసాన్ని స్కేలుతో రెండు వైపుల నుండి కొలిస్తే 4.9 సెంటీమీటర్లు వచ్చింది, లోపల సన్నని ఉప్పు పొర కట్టి ఉన్నది, మా నీళ్ళు అటువంటివే. దాని ప్రకారం మళ్ళీ లెక్క వేస్తే సెకనుకు 4.2 లీటర్లు, డ్రమ్ము నిండడానికి 47.6 సెకన్లు.